వణకని సంతకం

సంతకం పొద్దున పది గంటల యాభై రెండు నిమిషాలకి పడింది. నేను ఆ ల్యాబు మెట్లెక్కేసరికి మధ్యాహ్నం రెండూ ఇరవై. సెలైన్ లారీలు ఫ్యాక్టరీ గేటు దాటేది నాలుగింటికి. అంటే నా చేతిలో ఉన్నది గంటా నలభై నిమిషాలు, ఒక నోటు పుస్తకం, ఒక భూతద్దం. భూతద్దం ఈ కేసులో ఎందుకూ కొరగాదని నాకు ముందే తెలుసు. అలవాటు కొద్దీ తెచ్చుకున్నాను.

డిటెక్టివు అవతారం ఎత్తకముందు పాతికేళ్ళు చేవ్రాళ్ళు పరీక్షించి బతికాను. చేత్తో పెట్టిన సంతకం దేన్నీ దాచుకోలేదు. మెడ మీద కత్తి పెట్టి పెట్టిస్తే గీత వణుకుతుంది, కలం మధ్యలో ఆగుతుంది, చివరి మెలిక సగంలో తెగుతుంది. కోర్టులో నిలబడి, "ఇదిగో, సరిగ్గా ఇక్కడ భయపడ్డాడండీ" అని వేలుపెట్టి చూపించేవాణ్ణి. తర్వాత కార్డు సంతకాలు వచ్చాయి. కార్డు గుచ్చి, రహస్య నంబరు నొక్కితే చాలు, కంప్యూటరే సంతకం పెట్టేస్తుంది. నవ్వుతూ నొక్కినా ఏడుస్తూ నొక్కినా ఒకేలాంటి సంతకం. నా విద్య అటకెక్కింది. ఆ కచ్చ నాకింకా తీరలేదు.

నన్ను పిలిపించింది ఒక పెద్ద ఆసుపత్రిలో మందుల స్టోరు చూసుకునే ఫార్మసిస్టు. ఆవిడ వదినగారు ఈ ల్యాబులో ఇరవై ఏళ్ళుగా గాజుసామాను కడుగుతోంది. అందరూ ఆమెని సీసాలక్క అంటారు. ఇవాళ పాసైన సెలైన్ బ్యాచి పరీక్ష ట్యూబుల్లో రెండు మబ్బుపట్టినట్టు ఉండగా తన చేతికి వచ్చాయని, అంటే ఆ సెలైన్లో ఏదో పెరుగుతోందని, సీసాలక్క ఆడపడుచుకి ఫోన్లో చెప్పింది. పన్నెండు వేల సీసాలు. ఒక్కొక్కటీ ఎవరో ఒకరి నరంలోకి పోయేదే.

మళ్ళీ పరీక్ష చేద్దామంటే పద్నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా సంతకం చెల్లుతున్నంతవరకు లారీలు ఆపే అధికారం ఎవరికీ లేదు. అది చెల్లకుండా పోవాలంటే పెట్టినావిడే రద్దు చేయాలి, లేదా బలవంతంగా పెట్టించారని రుజువు కావాలి. ఆవిడ రద్దు చేయనంటోంది.

ఆవిణ్ణి టెస్టింగ్ మేడమ్ అంటారు. యాభై ఏళ్ళుంటాయి. తెల్లకోటు మీద మడత కూడా నలగలేదు. నేను వెళ్ళేసరికి తన గదిలో రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చుంది. రిజిస్టరు మీద ఫోను బోర్లా పడుకుని ఉంది, ఛార్జరు తీగ తోకలా వేలాడుతోంది. తలుపు పక్క బల్ల మీద ఏదో వాక్యూమ్ పంపు, దాని పక్కన కడిగి బోర్లించిన గాజు గరాటాలు.

"ఈ సర్టిఫికెట్టు మీరిచ్చిందేనా అండీ?"

"నేనిచ్చిందే."

"సంతకం?"

"నేనే పెట్టాను. నా కార్డు, నా నంబరు."

"గదిలో ఇంకెవరైనా ఉన్నారా అప్పుడు?"

"లేరు."

"ట్యూబులన్నీ తేటగానే ఉన్నాయా?"

"తేటగా ఉన్నాయని రిజిస్టర్లో రాసి ఉంది."

"నేనడిగింది రిజిస్టరు సంగతి కాదు కదా."

"నేను చెప్పగలిగింది రిజిస్టరు సంగతే."

అబద్ధమాడే మనిషి 'తేటగా ఉన్నాయి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఈవిడ అబద్ధాన్ని చేత్తో తాకకుండా, పటకారుతో పట్టుకుని పక్కన పెట్టింది. ల్యాబు మనిషి అనిపించుకుంది.

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నాన్న, నేను."

"పెద్దాయన ఆరోగ్యం బాగుంటోందా?"

ఆవిడ జేబులోని పెన్ను తీసి బల్ల అంచుకి సమానంగా పెట్టింది. మళ్ళీ సర్దింది. నేను మనసులో తొమ్మిది లెక్కపెట్టాక, "బాగానే ఉంది" అంది.

రిజిస్టరు చూస్తానని నా వైపు లాక్కున్నాను. దాని మీదున్న ఫోను జారింది. కిందపడకుండా పట్టుకున్నాను. చేతికి వేడిగా తగిలింది. తెర మీద కాల్ నడుస్తోంది. అయిదు గంటల పద్నాలుగు నిమిషాలుగా నడుస్తోంది. నా గడియారంలో రెండూ ముప్ఫై నాలుగు. అంటే పొద్దున తొమ్మిదీ ఇరవై నుంచి ఎవరో ఈ గదిలో మాటలన్నీ వింటున్నారు.

ఆవిడ నా వైపు చూసింది. బతిమాలుకోలేదు, సైగ చేయలేదు, ఊరికే చూసింది. నలభై ఏళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ అలా చూడలేదు.

"ఫోను పడబోయిందండీ. కాస్త జాగ్రత్త" అన్నాను గట్టిగా, అవతలివాడికి వినబడేలా. మళ్ళీ బోర్లా పెట్టేశాను. "సరే, మీరు చెప్పేదేం లేనప్పుడు నేను మాత్రం ఏం చేస్తాను? వెళ్ళొస్తా."

వరండాలోకి రాగానే, ఫార్మసిస్టు ఫిర్యాదు మీద వచ్చిన ఇన్‌స్పెక్టరు ఎదురయ్యాడు. డిపార్టుమెంటులో అందరూ ఆయన్ని కత్తెర అంటారు. ఎదుటివాడి మాట పూర్తి కానివ్వడు, మధ్యలోనే కత్తిరిస్తాడు. నన్ను ఆయన జిడ్డు అంటాడు. మా ఇద్దరికీ పదకొండేళ్ళ పరిచయం, ఒక్క రోజు కూడా పడలేదు.

"జిడ్డుగారు వేంచేశారన్నమాట. అయిందా విచారణ?"

"ఆవిడ భయంలో ఉంది. ఎవరో ఆవిడ ఫోన్లో..."

"ఆవిడ ఫ్యాక్టరీవాళ్ళకి అమ్ముడుపోయింది."

"పూర్తిగా చెప్పనివ్వండి. ఆ ఫోను..."

"ఫోనుదేముందయ్యా, నాకూ ఉంది, మా పనిమనిషికీ ఉంది. ఇది చూడండి." జేబులోంచి ఒక లేఖ తీశాడు. పైన సంతకాల కార్యాలయం ముద్ర ఉంది. కార్డులిచ్చేదీ, వాటి లెక్కలు చూసేదీ ఆ కార్యాలయమే. "మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను, కూర్చుని వింటారా, నిలబడి వింటారా?"

"నిలబడే వింటాను. కూర్చుంటే మీరు లేవనివ్వరు."

"ప్రతి కార్డుకీ రెండు నంబర్లుంటాయి. ఒకటి రోజూ నొక్కేది. రెండోది ఆపద నంబరు. ఎవరైనా పీక మీద కూర్చుని సంతకం పెట్టమంటే ఆ రెండోది నొక్కాలి. సంతకం మామూలుగానే పడుతుంది, ఎక్కడ చూపించినా చెల్లుతుంది. బెదిరించినవాడికి తేడా తెలియదు. కానీ ఆ సంతకంలో ఒక గుర్తు దాగుంటుంది. అది కార్యాలయంలో ఉన్న ఒకే ఒక్క యంత్రానికి కనిపిస్తుంది. ఆ యంత్రం ఒకే ఒక్క అధికారి చేతిలో ఉంటుంది. గుర్తు కనబడగానే ఆయన చడీచప్పుడూ లేకుండా మాకు కబురు చేస్తాడు."

"బాగుంది. మరి ఇవాళ్టి సంతకం?"

"అధికారి స్వయంగా చూసి రాసిచ్చాడు. గుర్తు లేదు. అంటే రెండో నంబరు నొక్కలేదు. అంటే బెదిరింపూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇష్టపడి పెట్టింది."

"రోజువారీ నంబరే నొక్కమని వాళ్ళు దగ్గరుండి..."

"రెండు నంబర్లున్న సంగతే బయటివాళ్ళకి తెలియదండీ! నాకే ఇవాళ తెలిసింది. నాలుగింటికి ఆవిణ్ణి స్టేషనుకి తీసుకెళ్తున్నాను."

"లారీలో?"

"ఆవిణ్ణి జీపులో తీసుకెళ్తా."

"అది కాదు మహానుభావా, లారీలు ఆపరా అని."

అప్పుడు మాత్రం ఆయన ముఖం కాస్త వాడింది. "సంతకం చెల్లుతోంది. ఆపే కాగితం నా దగ్గర లేదు. మీ దగ్గరుందా?"

"నాలుగింటిలోపు తెస్తాను."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని గొణిగి సిగరెట్టు కోసం మెట్లవైపు వెళ్ళిపోయాడు.

సంతకం పెట్టే గది వరండా చివర ఉంది. గది అనడం మర్యాద. గాజు తలుపుల బీరువాలాంటి చోటు. ఒక బల్ల, కంప్యూటరు, కార్డు గుచ్చే చిన్న పెట్టె, ఒక కుర్చీ, ఒక చెత్తబుట్ట, గోడకి తగిలించిన ఫైలు. తలుపుకి గడియ లేదు. కిటికీ లేదు. పెనుగులాడిన జాడ వెతకడం దండగ. ఈ కాలపు దౌర్జన్యం కుర్చీ కూడా జరపదు.

సీసాలక్క చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. చేతులు నీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి.

"ఆ రెండు ట్యూబులూ ఎక్కడున్నాయక్కా?"

"కడిగేశాను సార్." ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి. "అలవాటు. చేతిలో పడ్డాక కడగకుండా ఉండలేను. కడిగి, ఆరబెట్టి, సర్దేశాక తట్టింది, అయ్యో చీటీ ఈ బ్యాచిదే కదా అని. సాక్ష్యాన్ని నా చేత్తో నేనే కడిగేశాను."

"పోనీలెండి. మీరు ఫోను చేయకపోతే మేమెవరమూ ఇక్కడ ఉండేవాళ్ళం కాదు."

ఫైలు దించాను. అందులో సర్టిఫికెట్ల నకళ్ళు తేదీల వరసన ఉన్నాయి. ప్రతి కాగితం అడుగున మూడు వివరాలు అచ్చయ్యాయి. తేదీ, సమయం, సంతకం సంఖ్య. కార్డు ఎన్నో సంతకం పెట్టిందో ఆ సంఖ్య చెబుతుంది. ఇవాళ్టిది 1846. నిన్నటివి 1843, 1844, 1845. మొన్నటివి 1841, 1842. చూడటానికి ఏమీ లేదు. కానీ నాది జిడ్డు బుద్ధి కదా, వెనక్కి తిప్పుతూనే ఉన్నాను.

1827 దాటాక ఆగాను. అంతకు ముందురోజు కాగితాలు రెండు, 1825, 1826. దానికి ముందురోజువి 1822, 1823. మధ్యలో 1824 లేదు. ఇంకా వెనక్కి వెళ్ళాను. 1821 లేదు. 1817 లేదు. మూడు నెలలు తిప్పాను. ప్రతిరోజూ మొదటి కాగితానికి ముందు సరిగ్గా ఒక్క సంఖ్య గల్లంతు. ఈ ఎనిమిది రోజుల్లో మాత్రం ఇరవై సర్టిఫికెట్లున్నాయి, ఒక్క సంఖ్యా పోలేదు. పళ్ళు ఊడిన నోట్లో ఉన్నట్టుండి కట్టుడుపళ్ళ వరస కనిపించినట్టుంది.

"అక్కా, పొద్దున్నే మేడమ్ ఈ గదిలోకొచ్చి మొట్టమొదట ఏం చేస్తారు?"

"బ్లాంకు నడుపుతారు."

"అంటే?"

నా అజ్ఞానానికి ఆమెకి కాస్త నవ్వొచ్చింది. "ఏ యంత్రమైనా అంతే సార్. అసలు శాంపిలు పెట్టేముందు ఉత్త మంచినీళ్ళు పెట్టి చూస్తారు. నీళ్ళకి కూడా ఏదో ఉందని చెప్పిందనుకోండి, యంత్రం అబద్ధమాడుతున్నట్టు. దాన్నే బ్లాంకు అంటారు. మేడమ్ కార్డుకి కూడా నడుపుతారు. ఖాళీ కాగితం మీద ఒక సంతకం తీసి, సరిగ్గా పడిందో లేదో చూసుకుని, చింపి ఈ బుట్టలో వేస్తారు. కార్డుకి బ్లాంకేంటి మేడమ్ అని మిగతావాళ్ళు నవ్వుతారు. 'యంత్రమన్నాక నమ్మకూడదు' అంటారావిడ."

"ఇది అందరికీ తెలుసా?"

"మా నలుగురికీ తెలుసు. బయటికి చెప్పుకునేంత గొప్ప సంగతేం కాదు కదండీ."

"ఈ ఎనిమిది రోజుల్లో బుట్టలో ఆ కాగితం పడిందా?"

చీపురు గోడకి ఆనించి ఆలోచించింది. బుట్ట రోజూ తీసేది ఆమే. "లేదు సార్" అంది నెమ్మదిగా. "నిజమే, లేదు. మేడమ్‌కి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. కార్డు వచ్చిన నాటి నుంచి బ్లాంకు మానిన రోజు లేదు. జ్వరంతో వచ్చినా నడిపేవారు."

వాళ్ళు ఆవిడ నోరు కట్టేశారు, ఫోను కట్టేశారు, చేతిని కూడా కట్టేశారు. చేయవద్దని బెదిరించినవన్నీ ఆవిడ చేయలేదు. దాంతోపాటు, వాళ్ళకి తెలియని ఇంకో పని కూడా చేయడం మానేసింది. చేయని పనికి ఎవరు కాపలా కాస్తారు? ఎనిమిది రోజులుగా ఆ మనిషి ఈ గాజుబీరువాలో కూర్చుని కేకలు వేస్తోంది. వినడానికి మేమెవరమూ లేము.

ఒక్క అనుమానం మిగిలింది. సంఖ్య గల్లంతైతే దానికి ఇంకేదైనా కారణం ఉండొచ్చా? మూడూ ఎనిమిదికి సంతకాల కార్యాలయానికి ఫోను చేశాను. లేఖ రాసిన అధికారే ఎత్తాడు. మెత్తటి గొంతు, మంచి మర్యాద.

"కార్డు సంతకం చేస్తేనే సంఖ్య పెరుగుతుందండీ" అన్నాడు. "అది మాకు పంపకుండా చింపేస్తే మా లెక్కలోకి రాదు, కానీ సంఖ్య మాత్రం ఖర్చయిపోతుంది. ఎందుకడుగుతున్నారు?"

'ఊరికే' అని పెట్టేయాల్సింది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ పెళ్ళయిన వారానికే కనిపెట్టింది. పైగా పదిహేనేళ్ళ కచ్చ ఒకటి లోపల ఉడుకుతోంది.

"మీ రెండో నంబరు కంటే గట్టి గంట ఆవిడే కట్టుకుందండీ" అన్నాను గర్వంగా. రోజూ పెట్టే ఖాళీ సంతకం గురించి, అది ఎనిమిది రోజులుగా ఆగిపోవడం గురించి, 1827 నుంచి 1846 దాకా పూసగుచ్చినట్టు చెప్పాను.

అవతల కాగితం మీద కలం గీస్తున్న చప్పుడు వినబడింది.

"అద్భుతం" అన్నాడు. "ఇంకెవరికైనా చెప్పారా?"

"మీకే మొదట."

"మంచి పని చేశారు. ఇంకెవరికీ చెప్పకండి. రద్దు ఉత్తర్వు తయారు చేసి నేనే తీసుకొస్తాను. నాలుగింటిలోపు మీ దగ్గరుంటుంది."

ఎవరికీ చెప్పొద్దన్నాడు కాబట్టి తిన్నగా వెళ్ళి కత్తెరకి చెప్పాను. ఆయన ముందు దెప్పాడు, తర్వాత ఫైలు లాక్కున్నాడు. మెట్ల మీద కూర్చుని ఒక్కో కాగితం తిప్పాడు. వేలితో సంఖ్యలు లెక్కపెట్టాడు. పది నిమిషాలు నేను చెప్పిందంతా ఒక్కసారి కూడా కత్తిరించకుండా విన్నాడు. సిగరెట్టు వేళ్ళ మధ్యే ఆరిపోయింది.

"ఇది బాగానే ఉంది కానీ నాకు చాలదు" అన్నాడు చివరికి. "సీసాలు కడిగే ఆవిడ మాట, కొన్ని అంకెలు. ఆవిడ నోటితో కాకపోతే చేత్తోనైనా చెప్పాలి."

"చేత్తోనే చెప్పిద్దాం. మీరు మాత్రం లోపల నోరు విప్పకండి."

"నాకు చెబుతున్నారా ఆ మాట!"

మూడూ ఇరవై మూడుకి ఇద్దరం మేడమ్ గదిలోకి వెళ్ళాం. కత్తెర తలుపు మూశాడు. నేను ఫోనుకేసి చూపించి, గొంతు పెంచి, "మేడమ్, ఈ పంపేదో పనిచేయడం లేదని మీవాళ్ళంటున్నారు, ఒకసారి వేసి చూస్తారా?" అన్నాను.

ఆవిడ లేచి మీట నొక్కింది. పంపు రొద గదంతా నిండింది. నేను నోటు పుస్తకం తెరిచి రాశాను.

'ఖాళీ సంతకం ఎనిమిది రోజులుగా లేదు. చదివాను.'

ఆవిడ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఒక్కసారి కదిలాయి, అంతే. తర్వాత కళ్ళు తుడుచుకుని, కుర్చీ ముందుకు జరుపుకుని, నా కలం అందుకుంది.

అప్పుడు చూశాను ఆవిడ చేవ్రాత. గీత వణుకుతోంది, మధ్యమధ్య ఆగుతోంది, అక్షరాల చివర్లు తెగిపోతున్నాయి. జీవితంలో ఎన్ని వేల కాగితాలు చూసి ఉంటాను! ఇంత భయాన్ని ఒక్క పేజీలో ఎన్నడూ చూడలేదు.

'తొమ్మిది రోజుల కింద ఫోన్లో చెప్పారు. ఈ బ్యాచి పాసు చేయకపోతే నాన్న ఉండడన్నారు. మిగతా బ్యాచిలు మంచివే, పరీక్షించే పెట్టాను. ఇదొక్కటే చెడ్డది. రోజూ ఫోను తెరిచే ఉంచాలి.'

కత్తెర నా భుజం మీదుగా వంగి చదువుతున్నాడు. నా జేబులోంచి పెన్సిలు లాక్కుని కింద రాశాడు.

'రెండో నంబరు ఎందుకు నొక్కలేదు?'

ఆవిడ ఆయన ముఖంలోకి ఆశ్చర్యంగా చూసింది.

'నొక్కాను. ఇవాళ నొక్కింది రెండో నంబరే.'

కత్తెర చెయ్యి తనంతట తానే జేబులోకి పోయింది. లేఖ తీశాడు, విప్పాడు, 'గుర్తు లేదు' అన్న వాక్యం దగ్గర బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

ఆవిడ ఇంకా రాస్తోంది. ఇన్నాళ్ళు దాచుకున్నదంతా ఒక్కసారిగా తోసుకొస్తున్నట్టుంది.

'రెండో నంబరు నొక్కినా లాభం లేదన్నారు. అది మోగేది మా మనిషి చెవిలోనే అన్నారు. అయినా నొక్కాను. ఆ యంత్రం చూసే అధికారే వాళ్ళ మనిషి. రోజూ సాయంత్రం లైబ్రరీలో నాన్నతో చదరంగం ఆడేది అతనే. ఫొటోలు పంపిస్తారు. నాన్నకి ఏమీ తెలియదు. ఈ వయసులో మంచి స్నేహితుడు దొరికాడని సంబరపడుతున్నాడు. మీరు ఏం చేసినా సరే, సంతకాల ఆఫీసుకి మాత్రం చెప్పకండి.'

కలం కింద పెట్టి నా వైపు చూసింది. ఈసారి ఆ చూపులో నమ్మకం ఉంది. దాన్ని తట్టుకోలేక తల దించుకున్నాను.

"చెప్పేశాను" అన్నాను. పంపు రొదలో నా మాట నాకే సరిగ్గా వినబడలేదు. మళ్ళీ చెప్పాను. "అంతా చెప్పేశానమ్మా. అతనికే."

"ఎప్పుడు?" కత్తెర.

"మూడూ ఎనిమిదికి. ఆఫీసు ఫోనుకే చేశాను, అతనే ఎత్తాడు."

గడియారం చూశాను. మూడున్నర.

"పెద్దాయన ఇప్పుడెక్కడుంటారు?"

"లైబ్రరీలోనే" అంది ఆవిడ. ఫోను వైపు చూడకుండా, గొంతు తగ్గించకుండా అంది. "మూడింటికల్లా వెళ్ళి బల్ల మీద పావులు పేర్చుకుని కూర్చుంటాడు."

కత్తెర అప్పటికే తలుపు తీసి, వరండాలోంచి డ్రైవర్ని కేకేస్తున్నాడు. ఆగి వెనక్కి తిరిగాడు.

"ఆ ఆఫీసు నుంచి లైబ్రరీకి ఎంతసేపు?"

మేడమ్ లేచి నిలబడింది. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నడిచి వెళ్ళినా పదిహేను నిమిషాలు" అంది.